చుట్టాలు వస్తాండారు

మొన్న బుధవారం మా కాలనీ సంఘం సెక్రటరీ ఒక బోర్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పచ్చ రంగు రేకు, నున్నగా ఉంది. మూలల్లో మేకులకు రంధ్రాలు కూడా వేయించాడు పాపం. పైన పెద్దక్షరాలతో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని, దాని కింద కాస్త చిన్నగా 'శాకాహార కుటుంబాలకు మాత్రమే' అని ఉంది. కాలనీలో ఖాళీ పోర్షన్లున్న ఇళ్ళన్నిటికీ ఒకే రకం బోర్డులు చేయిస్తున్నారట. మా మేడ మీది పోర్షన్ రెండు నెలలుగా ఖాళీ కాబట్టి నాకూ ఒకటి. సరిగ్గా ఆ సమయానికి మా వంటింట్లో కుక్కరులో పొట్టేలు మాంసం మూడో విజిల్ వేస్తోంది. వాసన గేటు దాకా వస్తోంది. ఈ అబ్బాయికి ముక్కు పని చేయదా అనుకున్నాను. చేస్తుంది. "మీరు తింటే తినండమ్మా, మీ ఇల్లు మీ ఇష్టం. ఇది వేరే వాళ్ళు రాకుండా పెట్టేది" అన్నాడు గొంతు తగ్గించి. వేరే వాళ్ళంటే ఎవరప్పా అని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనూ వేరేదాన్నేనప్పా. మాలపల్లెలో పుట్టినదాన్ని" అన్నాను. ఈ కాలనీకి వచ్చి ముప్పై ఏడేళ్ళు దాటింది, ఆ మాట పైకి అనడం అదే మొదలు. అతను ఒక్క క్షణం తడబడి, "ఇప్పుడు అవన్నీ ఎవురు సూస్తాండారమ్మా!" అని, బోర్డు నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఎవరూ చూడటం లేదట. బోర్డు మాత్రం మేకులతో సహా సిద్ధంగా ఉంది. ఈ మధ్య ఎవరిని కదిలించినా ఒకటే పాట: ఇప్పుడే చెడిపోయింది గానీ మా కాలంలో కులం లేదు, మతం లేదు, అందరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళం అని. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆ కాలంలో నేనూ ఉన్నాను కదా. కుప్పంలో ఉన్నాను, పుంగనూరులో ఉన్నాను, ఈ మదనపల్లెలో ఉన్నాను. ఇద్దరు చంటిబిడ్డలను వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నాకెక్కడా ఈ అన్నదమ్ములు తగల్లేదు. తగిలింది ఒకే ఒక్క వీధి. ఆ వీధి అలా ఎందుకు ఉండేదో చెబితే మీరు ముక్కు మూసుకుంటారు.

మా ఆయనది సదుం దగ్గర పల్లె. మెట్ట పొలాలు, రెండు మోట బావులు, వాటికి మించిన పరువు ఉన్న కుటుంబం. నాది వాల్మీకిపురం వైపు. పాదిరిగారి బడిలో చదువుకుని టీచరు ట్రైనింగు చేసి, డెబ్భైల మొదట్లో ఒక పల్లెలో పాఠాలు చెబుతుండగా, ఆ ఊరి రైతులకు పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి ప్రభుత్వం తరఫున ఒకాయన సైకిలు మీద వచ్చాడు. రైతులకు ఏం నేర్పాడో తెలియదు గానీ, ఏడాది తిరక్కుండా మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టాం. మా మామగారు కొడుక్కి పిండం పెట్టేశానని ఊళ్ళో చెప్పుకున్నాడు. ఆ ఇంటి నుంచి ఒక్క చుట్టమూ ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు. మా వాళ్ళు కోపంతో కాదు, భయంతో రాలేదు. వచ్చేది మా అమ్మ ఒక్కతే.

కాపురం పెట్టింది కుప్పంలో. అటు తమిళం, ఇటు కన్నడం, మధ్యలో మన తెలుగు. రైలు దిగగానే ప్లాట్‌ఫారం మీద మూడు భాషలూ చెవిన పడ్డాయి. ఇన్ని రకాల మనుషులున్న ఊళ్ళో మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారులే అని మా ఆయన సంబరపడ్డాడు. ఆయనకు మనుషుల మీద ఎప్పుడూ నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకాన్ని మోసింది మాత్రం నేను. ఇల్లు అడగడానికి వెళ్ళిన మొదటి గుమ్మంలో "మీరేమోళ్ళు?" అన్నారు. రెండో గుమ్మంలో "నీంగ యెన్న ఆళుంగ?" అన్నారు. మూడో గుమ్మంలో "నీవు యావ జన?" అన్నారు. మూడు భాషల్లో అడిగినా ప్రశ్న ఒకటే, కులం. నేను గొంతు సవరించుకునేలోగా మా ఆయన తన కులం చెప్పేశాడు. భార్యది కూడా అదే అయి ఉంటుందని వాళ్ళే అనుకున్నారు. అనుకోనిచ్చాం.

అలా మాకు ఇల్లిచ్చిన పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనుషులైతే నాకింత కోపం ఉండేది కాదు. కడుపుతో ఉన్నానని మామిడల్లం పచ్చడి ఇచ్చింది, బాబు పుట్టాక కాన్పు మందు నూరి ఇచ్చింది. బాబుకు నాలుగో నెలలో మా అమ్మ శనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం ఆ ఇంటి ముందుకు వచ్చింది. నేను లోపల బాబుకు స్నానం చేయిస్తున్నాను. అరుగు మీద పెద్దమ్మ ఉంది. "ఎండలో వచ్చినావు, నీళ్ళు తాగమ్మా" అని ఇత్తడి చెంబు తెచ్చి చాపింది. మంచి మర్యాదే. మా అమ్మ చెంబు అందుకోవాలి, అంతే కదా? అందుకోలేదు. అరుగుకు నాలుగడుగుల దూరంలో వంగి నిలబడి దోసిలి పట్టింది. యాభై ఏళ్ళ అలవాటు, ఆ చేతులకు ఇంకో పద్ధతి తెలియదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి పెద్దమ్మ ఆ దోసిలినే చూస్తోంది. చెంబు పైకెత్తి, ఎత్తునుంచి సన్నటి ధారగా పోసింది. ఆమెకూ అలవాటున్న పనే అది. ఒకరు పోశారు, ఒకరు తాగారు, ఒక్క చుక్క కింద పడలేదు.

సాయంత్రం ఆ చెంబును చింతపండు పెట్టి మూడుసార్లు తోమింది, నాకు కనబడే చోట కూర్చుని. తెల్లారి గుమ్మంలోకి వచ్చి, నా మొహం చూడకుండా, "ఇల్లు కాళీ సేయాలమ్మా. మా సుట్టాలు వస్తాండారు" అంది. మేం అదే వీధి చివర సత్రంలో పదిహేను రోజులు తలదాచుకున్నాం కాబట్టి నాకు తెలుసు, ఏ చుట్టమూ రాలేదు. తలుపుకు తాళం వేలాడుతూనే ఉంది. ఇప్పుడు నా ఘనకార్యం కూడా చెప్పాలి. ఆ కోపం నేను పెద్దమ్మ మీద చూపించలేదు, మా అమ్మ మీద చూపించాను. "చెంబు పట్టుకోవడానికి చేతులు పడిపోయినాయా?" అన్నాను. మా అమ్మ తన అరచేతులు ఒకసారి చూసుకుని, "గ్యానం లేకపాయనే బిడ్డా" అంది, గుర్తు లేకపోయిందని.

పుంగనూరుకు బదిలీ అయ్యాక ఇక దాపరికం వద్దనుకున్నాం. నిజం చెప్పే అడిగాం. తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది రకాల చుట్టాలు బయలుదేరి వస్తున్నారు. ఒకింట్లో బావమరిది, ఒకింట్లో పెద్దత్త, ఒకాయనకైతే అప్పటికప్పుడు పెళ్ళికాని చెల్లెలు పుట్టుకొచ్చింది. సరే, మా వాళ్ళ దగ్గరికే పోదామని చర్చి వెనక వరస ఇళ్ళకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన నన్ను చూసి సంతోషించాడు, మా ఆయన్ను చూసి దిగులుపడ్డాడు. "ఈ వరసలో ఉండాలంటే ఆయప్ప బాప్తిస్మం తీసుకోవాల" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక గుడి మెట్లెక్కని మా ఆయనకు ఆ సాయంత్రం తన దేవుళ్ళ మీద ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది. ఇద్దరం వీధిలోనే పోట్లాడుకున్నాం. చివరికి ఆయన ఆఫీసువాళ్ళ పట్టుపురుగుల షెడ్డులో ఒక మూల మంచం వేసుకున్నాం. పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి చంద్రికలనే వెదురు తడికలు వరసగా నిలబెట్టి ఉండేవి. ఒక్కో పురుగుకు ఒక్కో గది. ఏ పురుగునూ ఎవరూ కులం అడగలేదు. మా పాప ఆ షెడ్డులో ఉండగానే పుట్టింది.

ఒక రోజు బాబు ఆటలోంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మనం ఏమోళ్ళు?" అని అడిగాడు. వాడికి నాలుగేళ్ళు. మా ఆయన పెద్ద తెలివిగా, "మనుషులం అని చెప్పుపో" అన్నాడు. వాడు వెళ్ళి చెప్పాడు. ఏడుస్తూ తిరిగొచ్చాడు. అలాంటి కులం లేదని అందరూ నవ్వారట. ఆ మధ్యాహ్నం నేను మా ఆయనతో గట్టిగా చెప్పాను: నాకు మంచి ఇల్లు వద్దు, గాలీ వెలుతురూ వద్దు. నా పిల్లలు ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పకుండా, ఏడవకుండా పెరిగే వీధి ఒకటి కావాలి. ఆ వీధి ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి బదిలీ చేయించుకో.

మదనపల్లెకు చేయించుకున్నాడు. ఇక్కడా మొదటి వారమంతా చుట్టాలే. చివరికి బస్టాండు దగ్గర టీ అంగడి ఆయన మా వాలకం చూసి, "గూళ్ళ వీధిలో ఎప్పుడూ ఇండ్లు కాళీగానే ఉంటాయి, పోయి సూడండి" అన్నాడు. పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే వీధి అది. వీధి మొదట్లోనే ఆ వాసన మా మొహాన కొట్టింది. వేడినీళ్ళలో ఉడికే గూళ్ళు, వాటిలో చచ్చిన పురుగులు, పచ్చి కట్టెల పొగ, ఇవన్నీ కలిసిన వాసన. నోట్లోకి కూడా దిగుతుంది. బాబు అక్కడే వాంతి చేసుకున్నాడు. నాలుగు చరకాలు గిర్రున తిరుగుతున్న ఒక వసారాలో, మోచేతుల దాకా నీటితో నానిపోయిన చేతులతో ఒకామె దారం కొసలు పట్టుకుంటోంది. ఆమే ఇంటి యజమాని. ముస్లిం, భర్త పోయాడు, తమ్ముణ్ణీ కూతుర్నీ పెట్టుకుని చరకాలు నడుపుతోంది. తరవాత ఆమెను నేను ఆపా అని పిలిచాను, అక్క అని; పిల్లలు ఖాలా అనేవాళ్ళు.

ఆ రోజు మాత్రం నాకు మర్యాదలు గుర్తు లేవు. ఆమె నోరు తెరవకముందే విరుచుకుపడ్డాను. "నేను మాలదాన్ని, ఈయనది పెద్ద కులం, మాకు ఏ గుడీ లేదు, ఏ చుట్టమూ లేదు. ఇల్లిస్తావా ఇవ్వవా, ఇప్పుడే చెప్పు" అన్నాను. ఆపా నీళ్ళలోంచి చెయ్యి తీయకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"అదంతా నాకు యాల చెప్తాండావమ్మా? వాసన తట్టుకుంటావా లేదా, అది చెప్పు. మొన్నొచ్చినోళ్ళు మూడ్రోజులకే పారిపాయిరి."

అదీ సంగతి. పక్కింట్లో ఇడ్లీలమ్మే తమిళ అవ్వ ఉండేది, మొగుణ్ణి వదిలి వచ్చిందని సొంత అన్నలే ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. ఎదురింట్లో లంబాడీ తండా నుంచి వచ్చిన పోలీసాయన ఉండేవాడు, చేతిలో లాఠీ ఉన్నా ఊళ్ళో ఆయనకు ఎవరూ ఇల్లివ్వలేదు. ఎవరికి ఇంకెక్కడా చోటు లేదో వాళ్ళంతా ఆ వాసన కింద ఒక చోట చేరారు. ఇప్పుడు సభల్లో మైకు పట్టుకుని మా ఊరి సామరస్యం అని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. అది ఎవరి గొప్పతనమూ కాదు, కంపు. ఆ కంపును భరించగలిగినవాళ్ళకు వేరే సంగతులు పట్టించుకునే తీరిక ఉండేది కాదు. నెల తిరిగేసరికి మాకూ వాసన తెలియడం మానేసింది. బడిలో తోటి టీచర్లు మాత్రం నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. ఈసారి కారణం నా చీరలకు పట్టిన వాసన. కులం వల్ల కాకుండా వాసన వల్ల దూరం జరగడం నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

అక్కడ మొదటి రంజాన్‌కు ఆపా కూతురు ఒక ఇత్తడి పళ్ళెం తెచ్చింది, పైన జాలీ గుడ్డ కప్పి. పన్నెండేళ్ళ పిల్ల, మా పాపను చంక దించేది కాదు. గుడ్డ తీసి చూస్తే పచ్చి సేమ్యా, చక్కెర, నాలుగు ఖర్జూరాలు, చిన్న గిన్నెలో నెయ్యి. నాకు కుప్పం చెంబు గుర్తొచ్చింది. వాళ్ళింట్లో గిన్నెలు గిన్నెలు వండుకుని మాకు పచ్చి సరుకులా? పళ్ళెం ఎత్తుకుని వాళ్ళ వసారాలోకి వెళ్ళి దబ్బున పెట్టాను. "వండింది పెట్టడానికి మేం పనికిరామా?" అన్నాను. పండగ చీరలో ఉన్న ఆపా బిత్తరపోయింది.

"అరె, అట్ల కాదమ్మా! మా ఇంట్లో వండింది మీవోళ్ళు తినరు కదా. పచ్చివి ఇస్తే తీసుకుంటారు. మాయమ్మ అట్లనే ఇచ్చేది, వాళ్ళమ్మ అట్లనే ఇచ్చేది. మీ ఆయన కులానికి మర్యాదని ఇస్తిని."

తనను తాకనివాళ్ళకు తనే దూరం జరిగి మర్యాద చేయడం. మా అమ్మ దోసిలి కళ్ళ ముందు కదిలింది. నేను అక్కడే చాప మీద కూలబడి, "నాకు ఆకలేస్తాంది ఆపా, వండింది పెట్టు" అన్నాను. ఆమె పెట్టిన సేమ్యా పాయసంలో నెయ్యి పైన తేలుతోంది, కింద గూళ్ళ వాసన ఉండనే ఉంది. రెండు గిన్నెలు తిన్నాను. ఆ తరవాత తొమ్మిదేళ్ళు, ప్రతి రంజాన్‌కూ పొయ్యి మీద నుంచి దించిన మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది.

మా అమ్మ కూడా ఆ వీధికి వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆపా నీళ్ళ చెంబు తెచ్చింది, మా అమ్మ మళ్ళీ వంగి దోసిలి పట్టింది. ఆపా ఆ దోసిలిలో చెంబునే పెట్టేసింది. "పట్టుకోమ్మా, నాకు చరకా కాడ పని ఉండాది" అని వెళ్ళిపోయింది. మా అమ్మ ఆ చెంబును రెండు చేతుల్లో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు నిలబడింది. తరవాత అరుగు మీద కూర్చుని, చెంబెత్తి తాగింది. ఆ రాకలోనే నేను ఆపాకు కుప్పం కథంతా చెప్పాను, పెద్దమ్మ గొంతుతో సహా. "సుట్టాలు వస్తాండారు" అని నేను అనుకరిస్తుంటే ఆపా పడీపడీ నవ్వింది. నవ్వి, "మాకూ అదే చెప్తారమ్మా. వాళ్ళ సుట్టాలకి ఇంకేం పని లేదు" అంది.

నా పిల్లలు ఆ వీధిలో నేను కోరుకున్నట్టే పెరిగారు. బాబు మా దగ్గర తెలుగు, ఆపా ఇంట్లో ఉర్దూ, ఇడ్లీల దగ్గర తమిళం మాట్లాడేవాడు. వీధిలో ఎవరైనా కొత్తవాళ్ళు ఏమోళ్ళని అడిగితే "గూళ్ళ వీధోళ్ళం" అనేవాడు. అంతకంటే మంచి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మరి అక్కడే ఉండిపోవచ్చు కదా? పాపకు పొగ వల్ల దగ్గు పట్టుకుంది, డాక్టరు ఇల్లు మారమన్నాడు. అది నిజమే. దాని వెనక ఇంకో నిజం ఉంది. మా ఆయనకు ఉద్యోగుల కాలనీలో స్థలం వచ్చింది. నలభై దగ్గర పడ్డ నాకూ ఒక గేటు, ముందు మల్లెపందిరి, వాసన లేని గాలి కావాలనిపించింది. ఎనభైల చివర్లో ఈ ఇల్లు కట్టాం, మీద ఒక పోర్షన్ వేశాం. ఇక్కడ అందరూ మా ఆయన ఇంటిపేరు చూశారు, నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. పేరంటాలకు పిలిచారు, వెళ్ళాను. పసుపు రాశారు, రాయించుకున్నాను. పదిహేనేళ్ళు గుమ్మాల్లో నిలబడిన కాళ్ళకు పీట వేసి కూర్చోబెడితే ఎంత సుఖంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ సుఖం మీద నాకిప్పుడు అసహ్యం. అప్పుడు మాత్రం వదులుకోలేనంత తీపి.

గృహప్రవేశమైన నాలుగో నెలలో పెద్ద వాన కురిసి ఆపా ఇంటి వెనక గోడ కూలింది. కూతురు పురిటికి వచ్చి ఉంది, రెండు వారాల బిడ్డ. గోడ లేచేదాకా ఆ పిల్లకూ అల్లుడికీ ఒక నీడ కావాలి. ఆపా ఊరు అడ్డంగా నడిచి, మధ్యాహ్నం ఎండలో మా గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో మా పాపకు ఇష్టమని నేతి బిస్కెట్ల పొట్లం. ఆ ముందు రోజే ఎదురింటావిడ మల్లెలు కోసుకోవడానికి వచ్చి, "పైన మనోళ్ళకే ఇయ్యమ్మా, తురకోళ్ళకీ మాలోళ్ళకీ ఇస్తే కాలనీ పాడైపోతుంది" అనింది. నేను ఆ మాట విని కూడా ఆమె చీర కొంగులో పూలు పోశాను. ఇప్పుడు ఆవిడ తన అరుగు మీద కూర్చుని మా గేటు వైపే చూస్తోంది.

ఆపా లోపలికి కూడా రాలేదు, గేటు పట్టుకునే చెప్పింది. "మూడు నెలలు చాలమ్మా. బాడుగ ఇస్తాము. నీ చేతుల్లో పెరిగిన పిల్ల కదా."

ఆ పిల్ల నా చేతుల్లో పెరగలేదు, నా పాప ఆ పిల్ల చంకలో పెరిగింది. నాకది తెలుసు. ఆపాకు పోర్షన్ ఇస్తే ఎదురింటావిడ ఒకటి అడుగుతుంది, ఆ ఒకటి వెనక ఇంకొకటి అడుగుతుంది, చివరికి ఆ పాత ప్రశ్న నా గుమ్మంలోకి వస్తుంది. అదే నా భయం. అంతకు మించి ఏమీ లేదు. నోరు తెరిచాను. ఏం చెప్పాలో నేను ఆలోచించుకోలేదు. ఆ మాట పదిహేనేళ్ళుగా నాలో తయారుగా ఉన్నట్టు, పెద్దమ్మ గొంతుతోనే వచ్చింది.

"పైన కాళీ లేదు ఆపా. మా చుట్టాలు వస్తాండారు."

ఆపా నా మొహం చూసింది. కుప్పం కథ ఆమెకు చెప్పింది నేనే. మా పెళ్ళి కథ చెప్పింది నేనే. ఈ లోకంలో మాకు చుట్టాలు లేరని మా తరవాత బాగా తెలిసిన మనిషి ఆమే. "అట్లనా. మంచిది" అంది. "సుట్టాలు రావాల. ఇల్లు కళకళలాడాల." బిస్కెట్ల పొట్లం గేటు దిమ్మె మీద పెట్టింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "గేటేసుకో, కుక్కలొస్తాండాయి" అని వెళ్ళిపోయింది. నీళ్ళు తాగమని కూడా నేను అనలేదు. సాయంత్రం మా ఆయన వచ్చి విషయం విన్నాడు. అరిస్తే బాగుండేది. టవలు భుజాన వేసుకుని, "మనకి యా చుట్టాలుండారే?" అని మాత్రం అడిగి, స్నానానికి వెళ్ళాడు. మూడు రోజులు పోయాక ఆయనే గూళ్ళ వీధికి వెళ్ళి, పోర్షన్ ఇస్తామని చెప్పి వచ్చాడు. అప్పటికే పోలీసాయన తన ఇంట్లో ముందు గది ఖాళీ చేసి ఇచ్చాడట.

ఆ ఏడాది రంజాన్ వచ్చింది. నేను పొద్దుటి నుంచి గేటు వైపు చూస్తున్నాను. రాదనుకున్నాను. వస్తే బాగుండుననీ అనుకున్నాను. పదకొండింటికి ఆపా తమ్ముడు సైకిలు మీద వచ్చాడు, దిగకుండానే, "ఆపా ఇయ్యమనింది" అని పళ్ళెం అందించాడు. అదే ఇత్తడి పళ్ళెం, అదే జాలీ గుడ్డ. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరవాలేదు, మనసులో పెట్టుకోలేదు, ఎంత దొడ్డ మనిషి అనుకుంటూ గుడ్డ తీశాను.

పచ్చి సేమ్యా, చక్కెర, నాలుగు ఖర్జూరాలు, చిన్న గిన్నెలో నెయ్యి.

మొదటిసారి ఆ పళ్ళెం ఎత్తుకుని పోట్లాడడానికి పరుగెత్తినదాన్ని, ఈసారి గేటు దాటలేదు. ఏ మొహం పెట్టుకుని దాటను? ఆమె తప్పేమీ లేదు. పెద్ద కులంవాళ్ళ ఇంటికి ఎట్లా పంపాలో అట్లా పంపింది. ఆ సేమ్యా నేనే వండాను. ఖాలా చేసినట్టు లేదని బాబు సగం వదిలేశాడు. ఆ తరవాత ఏటా వస్తూనే ఉంది, పచ్చిదే. ఆపా పోయేదాకా వచ్చింది.

ఇప్పుడు గూళ్ళ వీధి లేదు. చరకాలు పోయాయి, ఆ చోట కల్యాణ మండపం వెలిసింది, వాసన పన్నీటిది. సెక్రటరీ ఇచ్చిన బోర్డు గోడకు ఆనించి అక్షరాలు లోపలికి తిప్పి పెట్టాను. అతని మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ అతను పుట్టకముందే ఈ ఇంటికి ఆ బోర్డు వేలాడదీసిన మనిషి ఎవరో నాకు తెలుసు. రేపు అతను వచ్చినప్పుడు బోర్డు వాపసు ఇచ్చి, ఎదురింటివాళ్ళకు వినబడేలా ఆ సంగతి చెప్పబోతున్నాను. మేడ మీది తలుపులు మాత్రం ఇప్పుడే తెరిచి వచ్చాను. చుట్టాలు వస్తున్నారని నేను చెప్పి ముప్పై ఏడేళ్ళు దాటింది. కాలం ఈ ఇంట్లోంచి ఎవరెవరినో తీసుకుపోయింది గానీ, ఆ చుట్టాలను మాత్రం ఈ రోజుకీ తీసుకురాలేదు.